స్ప్రే గన్: గొంతు మందు నుంచి క్యాండీ రంగు దాకా

స్ప్రే గన్ గాలి బలంతో ద్రవరూపంలోని రంగును తుంపరగా చీల్చి వస్తువు మీద పరిచే పరికరం. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి, గన్ మూతి దగ్గర రంగు బయటపడే రంధ్రం చుట్టూ వేగంగా దూసుకుపోతుంది. అక్కడ పీడనం పడిపోవడంతో కింద వేలాడే కప్పులోని రంగు గొట్టం గుండా పైకి లేస్తుంది. బయటికి రాగానే గాలి తాకిడికి మిల్లీమీటరులో నూరో వంతు నుంచి పదో వంతు దాకా ఉండే చుక్కలుగా చెదిరిపోతుంది. మూతికి రెండు పక్కలా ఉన్న కొమ్ముల్లోంచి వచ్చే గాలి ఆ తుంపరను విసనకర్ర ఆకారంలోకి నొక్కుతుంది. గాలి ఒత్తిడి, రంగు చిక్కదనం, రేకుకు మూతికి మధ్య దూరం, చెయ్యి కదిలే వేగం: పెయింటర్ అదుపులో ప్రధానంగా ఉండేవి ఈ నాలుగు. కార్ల ఫ్యాక్టరీ ఈ నాలుగింటినీ ఎప్పుడూ ఒకేలా ఉంచాలని చూస్తుంది. 1950, 60 దశకాల్లో కాలిఫోర్నియాలో కార్లకు అలంకార రంగులు వేసినవారు వాటిని కావాలనే మార్చి కొత్త ప్రభావాలు పుట్టించారు.

ఈ పరికరం పూర్వరూపాలలో ఒకటి వైద్యుడి గదిలో పుట్టింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరానికి చెందిన డాక్టర్ అలెన్ డెవిల్బిస్ రోగుల గొంతులోకి మందు చల్లడానికి ఒక తుంపర సాధనం తయారుచేసి, 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ 20వ శతాబ్దం తొలి దశకంలో అదే సూత్రాన్ని రంగులకు వర్తింపజేశాడు. దీనికి సమాంతరంగా చిత్రకారుల కోసం ఎయిర్ బ్రష్ రూపుదిద్దుకుంది. పెన్సిల్ గీత అంత సన్నగా రంగు చిమ్మే ఈ చిన్న పరికరాన్ని ఫొటోలకు మెరుగులు దిద్దడానికి విరివిగా వాడారు. తర్వాత కార్ల మీద నీడలు, బొమ్మలు వేయడానికీ అదే అక్కరకొచ్చింది.

గన్‌కు కార్ల పరిశ్రమలో స్థిరమైన చోటు కల్పించింది నైట్రోసెల్యులోజ్ ల్యాకర్. అంతకుముందు కార్లకు కుంచెతో వార్నిష్ రంగులు పూసేవారు. పూత మీద పూత ఆరి కారు బయటికి రావడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ 'డ్యూకో' పేరుతో తెచ్చిన ల్యాకర్‌ను జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు వాడింది. ఇది నిమిషాల్లో ఆరేది కాబట్టి కుంచెతో పూస్తే గీతలు సర్దుకునేలోపే గట్టిపడిపోయేది. అందువల్ల గన్‌తో కొట్టడమే దానికి సరైన పద్ధతి అయింది. భారతదేశంలో తలుపులకూ బీరువాలకూ గన్‌తో కొట్టే మెరుపు రంగును ఇప్పటికీ డ్యూకో అని పిలవడం ఆ నాటి పేరు మిగిల్చిన గుర్తు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో పాత కార్లను కొని, ఎత్తు తగ్గించి, అంచులు చెక్కి, సొంత అభిరుచికి మార్చుకునే వాడుక యువకుల్లో విస్తరించింది. త్వరగా ఆరే ల్యాకర్ వారికి బాగా పనికొచ్చింది. ఒక రంగు కొట్టి, ఆరగానే టేపు అంటించి, ఆ రోజే మరో రంగు కొట్టవచ్చు.

ఈ అలంకారాలలో మొదట చెప్పుకోవలసింది క్యాండీ. క్యాండీ యాపిల్ ఎరుపు పేరెత్తగానే వినిపించేది పెయింటర్ జో బెయిలాన్ పేరు. కారు వెనుక దీపపు ఎర్రటి వెలుగు ఆయనకు ప్రేరణ అంటారు. మామూలు రంగులోని పొడి కాంతిని అడ్డుకుని పైపొర నుంచే వెనక్కి చెదరగొడుతుంది. క్యాండీలో మాత్రం ముందు వెండి లేదా బంగారు లోహపు పూత వేసి, దానిపై అవతలివైపు కనిపించే రంగు పొరలు పరుస్తారు. కాంతి ఆ పొరల్ని దాటి, లోహాన్ని తాకి, మళ్లీ వాటి గుండానే బయటికి వస్తుంది. కెంపురాయి కింద పలచని వెండి రేకు పెట్టి పొదిగితే రాయి లోపలి నుంచి వెలిగినట్టు కనిపించేదీ ఇందుకే. కాంతి రంగు పొరను రెండుసార్లు దాటుతుంది కాబట్టి మందంలో చిన్న తేడా కూడా మచ్చలా బయటపడుతుంది. అందుకే పలచని పూతలు అయిదారు, ఒక్కోసారి అంతకు మించి, ఒకదానిపై ఒకటి సమంగా వేస్తారు. దెబ్బ తగిలిన చోటే రంగు సరిపోల్చడం కష్టం కావడంతో తరచు ఆ భాగమంతా మళ్లీ కొట్టవలసి వస్తుంది.

మెటల్ ఫ్లేక్ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అల్యూమినియం పూత ఉన్న పాలియెస్టర్ పొరను చిన్న ముక్కలుగా కోసి ల్యాకర్‌లో కలుపుతారు. ముక్కలు అంగుళంలో వెయ్యికి నాలుగు వంతుల నుంచి పదిహేను వంతుల దాకా, అంటే సుమారు 0.1 నుంచి 0.4 మిల్లీమీటర్ల వరకు ఉంటాయి. అవి కప్పు అడుగుకు దిగిపోకుండా గన్‌ను ఊపుతూ, మూతి రంధ్రం పెద్దదిగా ఉన్న గన్‌తో కొట్టాలి. ఆరాక ముక్కల అంచులు గరుకుగా పైకి లేచి ఉంటాయి. వాటిపై రంగులేని క్లియర్ పూతలు అనేకం వేసి, వాటర్ పేపర్‌తో తోమి నున్నగా చేస్తారు. ముత్యపు మెరుపు రంగుల్లో తొలినాళ్లలో చేపల పొలుసుల నుంచి తీసిన గ్వానిన్ స్ఫటికాలు వాడేవారు. తర్వాత టైటానియం డయాక్సైడ్ పూసిన అభ్రకం వాటి స్థానాన్ని ఆక్రమించింది.

లేసు పద్ధతిలో రంగుకు అడ్డుపెట్టిన వస్తువే ఆకారాన్నిస్తుంది. వెండి పూత మీద లేసు గుడ్డను బిగుతుగా పరిచి క్యాండీ కొడితే, దారాలున్న చోట వెండి మిగిలి, ఖాళీల్లో రంగు పడుతుంది. చిల్లుల పలక మీద ముగ్గుపిండి జల్లినప్పుడు నేల మీద నమూనా తేలడం కూడా ఇలాంటిదే. గుడ్డ రేకుకు అంటుకోకుండా లేచి ఉంటే అంచులు మసకబారతాయి. తడి ఎక్కువైతే దారాల కిందికి రంగు పాకుతుంది. చేప పొలుసుల నమూనాకు గుండ్రటి అంచున్న అట్టముక్కను ఆనించి, ఆ అంచు మీదుగా సన్నగా చిమ్మి, వరుస తర్వాత వరుస జరుపుతూ పోతారు. సన్నని టేపు వంపులు తిప్పి అంటించి, పక్కన నీడలా రంగు ఊది, ఆ తర్వాత టేపు తీసేస్తే అడుగు రంగు రిబ్బన్‌లా బయటపడుతుంది. కారు వంపుల వెంట అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా రంగు పంచే ప్యానెల్ పనితో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో లారీ వాట్సన్ పేరు పొందాడు.

సాలెగూడు పద్ధతి గన్ చేసే తప్పునే అలంకారంగా మలుస్తుంది. థిన్నర్ కలపని చిక్కటి ల్యాకర్‌ను తక్కువ గాలితో కొడితే అది చుక్కలుగా చీలదు. పొడవైన అణువుల గొలుసులు దాన్ని సాగదీసిన దారంలా పట్టి ఉంచుతాయి. ద్రావకం ఆవిరైపోగా దారాలు గాల్లోనే గట్టిపడి రేకు మీద చిక్కుముడులుగా పడతాయి.

ఈ పద్ధతులన్నీ లోరైడర్ కార్లలో, అంటే ఎత్తు తగ్గించి అలంకరించిన కార్లలో, ఒక్కచోట కలిశాయి. మెక్సికన్ అమెరికన్ల ఈ కార్లలో జెస్సీ వలాడెజ్‌కు చెందిన 1964 షెవ్రొలే ఇంపాలా 'జిప్సీ రోజ్' అత్యంత ప్రసిద్ధమైనది. గులాబీ రంగు మీద వాల్ట్ ప్రే చిత్రించిన గులాబీలతో నిండిన ఆ కారును 2017లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో చేర్చారు.

ల్యాకర్‌కు లోపాలూ ఎక్కువే. కాలంతో ముడుచుకుని, ఎండకు పగిలేది. ద్రావకం పెద్దమొత్తంలో గాల్లో కలిసేది. పాత గన్‌తో కొట్టిన రంగులో చాలా భాగం వస్తువుకు అంటకుండా పొగమంచులా ఎగిరిపోయేది. కాలిఫోర్నియాలో వాయు కాలుష్య నిబంధనలు బిగుసుకున్న కొద్దీ, మూతి దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటకుండా ఎక్కువ గాలిని పంపే హెచ్‌వీఎల్‌పీ గన్‌లు వచ్చాయి. వీటితో కనీసం 65 శాతం రంగు వస్తువు మీదే నిలుస్తుందని లెక్క. క్యాండీ, ఫ్లేక్‌ల మీద కొట్టే పై పూతగా ల్యాకర్ స్థానంలో యురెథేన్ స్థిరపడింది. ఇది తేలిగ్గా పగలదు, మెరుపు చాలాకాలం నిలుస్తుంది. అయితే దీన్ని గట్టిపరిచే ఐసోసైనేట్లు పీలిస్తే ఉబ్బసం రావచ్చు కాబట్టి, గాలి ఆడే పెయింట్ బూత్‌లో, బయటి నుంచి గాలి అందే మాస్క్ పెట్టుకునే కొట్టాలి. రసాయనం మారినా అడుగు లోహపు పూత, మధ్యలో రంగు పొరలు, పైన క్లియర్ అనే వరుస మాత్రం 1950ల నాటిదే.