కంటికి చీకటి, చేతిలో బొమ్మ

దవడ మూల కింద, గొంతు పక్కన రెండు వేళ్లు పెట్టి చూడమ్మడూ. కొట్టుకుంటోందా? అదే కెరోటిడ్ ధమని. ఒక్క పక్కే చూడు, రెండు వైపులా ఒకేసారి నొక్కితే కళ్లు తిరుగుతాయి. దవడ దగ్గరికొచ్చాక అది రెండు పాయలవుతుంది. ఒకటి మొహానికి, ఇంకోటి మెదడుకీ కంటికీ. కొవ్వు పేరుకునేది సరిగ్గా ఆ చీలిక దగ్గరే.

దారి పూర్తిగా మూసుకుపోతేనే పక్షవాతం వస్తుందనుకుంటారు చాలామంది. ఎక్కువగా జరిగేది వేరు. కొవ్వు పొర పగిలి, దానిమీద నెత్తురు గడ్డకట్టి, ఆ తునక కొట్టుకుపోయి మెదడులో ఏ సన్న నాళంలోనో ఇరుక్కుంటుంది. తునక చిన్నదైతే కాసేపు ఒక కంటికి తెర దిగినట్టు చీకటి, లేదా మాట ముద్దగా రావడం. కాసేపట్లో సర్దుకుంటుంది. సర్దుకుంది కదాని ఊరుకుంటారు, అదే చిక్కు. ఇందులో ఓ తమాషా ఉంది. జబ్బు ఎడమ నాళంలో ఉంటే చీకటి ఎడమ కంటికే, పట్టు తప్పేది మాత్రం కుడి చెయ్యి. మెదడు ఎడమ సగం కుడి ఒంటిని ఏలుతుంది మరి.

1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రికి 33 సార్లు ఇలాంటి గండం తప్పినావిడ వచ్చింది. ఈస్ట్‌కాట్ బృందం ఆవిడ ఒళ్లు చల్లబరిచి, పాడైన ముక్క కోసేసి, కొసలు కలిపి కుట్టింది. హ్యూస్టన్‌లో డిబేకీ అంతకు ముందు ఏడాదే కొవ్వు పొర ఒలిచాడు గానీ, ఆ సంగతి 1975లో గానీ వివరంగా రాయలేదు.

ఇప్పుడు నాళాన్ని కాసేపు బిగించి, నిలువునా చీల్చి, లోపలి పొరతో సహా కొవ్వు తీసేస్తారు. కొన్నిచోట్ల మెడకు మాత్రమే మత్తిచ్చి, అవతలి చేతిలో కుయ్‌మనే బొమ్మ పెడతారు. నొక్కమంటే నొక్కకపోతే మెదడుకి నెత్తురు చాలట్లేదన్నమాట. అప్పుడు గొట్టం అమర్చి నెత్తురు పైకి పంపిస్తారు. ఆ బొమ్మంత నాజూకు పరికరం ఏ కంపెనీ చేస్తుంది చెప్పు!

ఫలితమా? ఆపరేషన్ పోయిన చేతిని తిరిగి తేదు, రాబోయే దెబ్బను ఆపుతుంది. పైగా కోతలోనే తునక ఊడి పక్షవాతం రావచ్చు. అందుకే లెక్క చూడాలి. 1991లో అమెరికా, కెనడాల్లో బార్నెట్ బృందం తేల్చిందిది: గుర్తులు కనిపించి, నాళం 70 శాతానికి మించి ఇరుకైనవాళ్లలో, మందులతోనే ఉన్న నూరుమందిలో 26 మందికి రెండేళ్లలో ఆ నాళం వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చింది. కోయించుకున్నవాళ్లలో 9 మందికే. గుర్తు కనిపించిన రెండు వారాల్లోపే చేస్తే లాభం ఎక్కువని తర్వాత తేలింది. కోతకి బదులు నాళంలో స్టెంట్ కూడా వేస్తారు. 2010 నాటి పోలికలో స్టెంట్‌తో పక్షవాతం కాస్త ఎక్కువ, కోతతో గుండెపోటు కాస్త ఎక్కువ.

ఏ గుర్తూ లేనివాళ్ల లెక్క వేరు. ఇప్పటి కొలెస్ట్రాల్, బీపీ మందులతోనే వాళ్లకి ముప్పు బాగా తగ్గింది. మీ మామయ్యకి స్కాన్‌లో సగం ఇరుకు కనిపిస్తే, కోత వద్దు, మందులు వాడి సిగరెట్ మానమన్నారు. కోత తప్పిందన్న సంతోషం కన్నా సిగరెట్ పోయిందన్న కోపమే ఎక్కువ ఆయనకి.