పొట్టు విప్పే ఘర్షణ

బడి పుస్తకంలో శక్తి, పీడనం, ఘర్షణ వేర్వేరు పాఠాలు. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో మాత్రం మూడూ ఒకే వడ్లగింజ మీద పనిచేస్తాయి. వీటిలో చెడ్డపేరంతా ఘర్షణకే. బేరింగులు అరగదీసేదీ, డీజిల్ తినేదీ అదేనంటారు. నిజమే. కానీ వడ్లను బియ్యం చేసేదీ అదే.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు వరి ఇంతగా పండటానికి నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఒక ముఖ్య కారణం. 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. కాల్వ మొదట్లో 30 మెగావాట్ల యంత్రాలు రెండున్నాయి. ఎత్తు నుంచి దిగే నీరు తనలోని స్థితిశక్తితో వాటిని తిప్పి, ఆ తర్వాతే పొలాల దారి పడుతుంది.

ఉప్పుడు బియ్యం కావాలంటే వడ్లను నానబెట్టి ఆవిరి పట్టాలి. ఆ ఆవిరి బాయిలర్‌లో పుడుతుంది. మూసిన పాత్రలో పీడనం పెరిగేకొద్దీ నీరు మరిగే వేడీ పెరుగుతుంది. వాతావరణ పీడనానికి పదింతలైతే దాదాపు 180 డిగ్రీల దగ్గర గానీ మరగదు. ఆవిరి వేడికి గింజలోని పిండిపదార్థం మెత్తబడి పగుళ్లను పూడ్చేస్తుంది. ఆరాక గింజ గట్టిపడి, మరలో నూక తగ్గుతుంది. బాయిలర్‌కు వంటచెరకు ఊకే. వడ్ల బరువులో సుమారు ఐదో వంతు అదే మరి.

ఇక అసలు పని. ఒక వడ్లగింజను రెండు వేళ్ల మధ్య పెట్టి ఎంత నొక్కినా పొట్టు ఊడదు. ఒక వేలిని ముందుకు జరిపితే విచ్చుకుంటుంది. మిల్లులో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. మధ్య సందు గింజ మందం కన్నా తక్కువ. ఒకటి రెండోదానికంటే సుమారు నాలుగో వంతు వేగంగా తిరుగుతుంది. వేగాలు సమానమైతే గింజ నలిగి బయటపడుతుందే తప్ప పొట్టు వదలదు. తేడా ఉన్నప్పుడు ఘర్షణ గింజను ఒక పక్క ముందుకు, ఇంకో పక్క వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే పొట్టును విప్పుతుంది. ఒత్తిడి పెంచితే ఘర్షణా పెరుగుతుంది, మితిమీరితే గింజే విరుగుతుంది.

తౌడు తీసే పాలిష్ మరలోనూ ఘర్షణదే పని. అక్కడ పుట్టే వేడికి బియ్యం పగలకుండా గాలి ఊదుతారు.

రబ్బరూ అరుగుతుంది. వేగంగా తిరిగే రోలరు ముందుగా అరుగుతుంది గనుక ఆపరేటర్లు కొంతకాలానికి రెండింటి స్థానాలూ మార్చి బిగిస్తారు.