వీపు పైభాగపు బిగువు

అటకమీది జాడీని అందుకొనుటకు చేయి పైకెత్తినపుడు పనిచేయునది భుజమొక్కటే యని మనము తలచుచుందుము. చేయి నిట్టనిలువుగా లేవవలెనన్న వీపు పైభాగము కూడ కొంచెము వెనుకకు వంగవలయును. అది వంగనిచో ఆ లోటును భుజమో నడుమో భరించును. నొప్పి ఒకచోట, బిగువు వేరొకచోట ఉండుట ఇందువలననే.

వెన్నెముకయందు మెడలో 7, వీపున 12, నడుమున 5 పూసలు కలవు. వీపునందలి 12 పూసలకును ఇరుప్రక్కల ప్రక్కటెముకలు అతికియున్నవి. వానిలో పెక్కు జతలు ముందు రొమ్ముటెముకతో కలిసి, గుండెను ఊపిరితిత్తులను కాపాడు పంజరమగుచున్నవి. ఇట్టి కట్టడి వలన ఈ భాగము ముందువెనుకలకు నడుము వంగినంతగా వంగదు. కాని మెలితిరుగుటలో నడుముకంటె ఇదియే మేలు. నడుముపూసల కీళ్ళ అమరిక మెలికను అడ్డగించును. వెనుకనుండి పిలిచినవారివైపు మొండెము త్రిప్పి చూచుట ముఖ్యముగా ఈ 12 పూసల పనియే.

గుంటమగ్గముపై నేయువారు, కుట్టుమిషనువద్ద కూర్చుండువారు, కంప్యూటరు ముందును సెల్‌ఫోనుపైనను గంటలకొలది వంగియుండువారు ఈ కదలికను దాదాపు మరచిపోవుచుందురు. వంగి కూర్చుండుటయే సకల బాధలకు మూలమనుట మాత్రము అతిశయోక్తి. నిటారుగా కూర్చున్నవారికిని వీపు నొచ్చును గదా! మా అభిప్రాయమున దోషము వంగుటలో కన్న, ఎంతసేపైనను అట్లే యుండుటలో ఎక్కువగా నున్నది.

సాధనకు తుండుగుడ్డ చాలును. దానిని గట్టిగా చుట్టి, చాపపై అడ్డముగా నుంచి, రెక్క ఎముకల క్రిందికి వచ్చునట్లు వెల్లకిల పరుండవలెను. మోకాళ్ళు మడిచి, పిరుదులు నేలను వదలకుండ, రెండు చేతులతో తలను వెనుకనుండి ఆనుకొనవలెను. ఊపిరి విడుచుచు మెల్లగా వెనుకకు వాలి, పీల్చుచు లేవవలెను. ఇట్లు ఐదారుసార్లు చేసి, చుట్టను రెండు వ్రేళ్ళంత పైకి జరిపి మరల చేయవచ్చును. నడుము విల్లువలె లేచినచో సాధన వీపునకు గాక నడుమునకు చెందినట్లే. చాలమంది తప్పునది ఇచ్చటనే.

రెండవది మెలిక. ఒక ప్రక్కకు ఒత్తిగిలి పరుండి, తలక్రింద దిండు పెట్టుకొని, మోకాళ్ళను కడుపువైపు ముడిచి, అరచేతులు జోడించి ముందుకు చాపవలెను. పైచేతిని పుస్తకపు అట్ట తెరచినట్లు వెనుకకు తెరచుచు చూపును దానివెంట పోనీయవలెను. చేయి నేలను తాకవలెనను పట్టుదల వలదు. మోకాళ్ళు ఒకదానిపై ఒకటి కదలకుండ నుండుటయే ముఖ్యము. ప్రక్కకు ఎనిమిదిసార్లు చాలును. రేడియోలో వార్తలు వినుచు రెండును ముగింపవచ్చును. వారమునకు ఒకనాడు అరగంట చేయుటకంటె దినమునకు కొద్ది నిమిషములు చేయుట మేలు. మార్పు కొన్ని వారములకు గాని తెలియదు.

కొందరు ముందుగా వైద్యుని చూడవలయును. ఎముకలు గుల్లబారిన వృద్ధులు, పడిన పిమ్మట వీపు నొచ్చుచున్నవారు, కాళ్ళు తిమ్మిరెక్కుచున్నవారు సాధనకు దిగరాదు. రొమ్ములో బరువు, ఆయాసము, చెమటలతో వచ్చు వీపునొప్పి గుండెకు సంబంధించినది కావచ్చును. అప్పుడు క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇక నలువది యేండ్లలోపు వారిలో వేకువన వీపు, నడుము అరగంటకు మించి బిగిసియుండి, విశ్రాంతితో తగ్గక నడచినపుడు తగ్గుచుండుట నెలల తరబడి సాగినచో, అది కీళ్ళవాపు వ్యాధి కావచ్చును. దానికి నేడు మంచి మందులు కలవు. ఆలస్యమైనకొలది పూసలు ఒకదానితో నొకటి అతుకుకొనిపోవు ప్రమాదము హెచ్చును.