గమకానికి తగిన ఫజ్ పెడల్: ట్రాన్సిస్టర్లు, పొటెన్షియోమీటర్ల ఎంపిక - సవరణ

వ్యాససంగ్రహం:
గోదావరి డెల్టాకు చెందిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వాద్యంగా నిలబెట్టారు. మీటిన స్వరాన్ని నిలిపి ఉంచే శక్తిని విద్యుత్తు ఇస్తుంది. ఆ శక్తి మితిమీరితే గమకం చెదురుతుంది. గిటారు వాదకులు ఇంట్లో తయారుచేసుకొనే ఫజ్ పెడల్‌ను ఉదాహరణగా తీసుకొని, అందులోని ట్రాన్సిస్టర్లను, పొటెన్షియోమీటర్లను గమకానికి అనువుగా ఎంచుకొని సరిచేసే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గమకం, ఎలక్ట్రిక్ మాండొలిన్, ఫజ్ పెడల్, గెయిన్, లీకేజి, పొటెన్షియోమీటర్.

1. ఉపోద్ఘాతం:
వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగితే ఒక్క మీటుతో అనేక స్వరాలు పలుకుతాయి. మాండొలిన్ తీగలు పొట్టివి, జంటలుగా ఉంటాయి. వాటి నాదం త్వరగా అణగిపోతుంది. 1969లో పాలకొల్లులో జన్మించిన శ్రీనివాస్ జంట తీగలను విడిచి, విడి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టారు. పికప్, యాంప్లిఫయర్ల తోడుతో ఒక మీటు చివరి వరకూ గమకం వినిపించే వీలు కలిగింది.

నాదాన్ని ఇంకా పొడిగించాలనుకొనే నేటి గిటారు, మాండొలిన్ వాదకుల ముందున్న సులభమైన సాధనం ఫజ్ పెడల్. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ విడుదల చేసిన ఫజ్ ఫేస్‌లో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, రెండు పొటెన్షియోమీటర్లు, మరికొన్ని చిన్న విడిభాగాలు మాత్రమే. అందుకే ఇంట్లో తయారుచేసేవారు ఎక్కువగా దానితోనే మొదలుపెడతారు. అయితే అది రాక్ సంగీతం కోసం పుట్టిన సర్క్యూట్. దానిని గమకానికి అనువుగా మలచుకోవడమే ఇక్కడి సమస్య.

2. ఫజ్ చేసే పని:
ట్రాన్సిస్టర్ తన పరిమితికి మించి సంకేతాన్ని పెంచబోయినప్పుడు తరంగ శిఖరాలు తెగిపోతాయి. మీటు తొలి దెబ్బ, తరువాత సన్నగిల్లే నాదం రెండూ దాదాపు ఒకే ఎత్తుకు చేరతాయి. స్వరం ఎక్కువసేపు నిలిచినట్లు వినిపించడానికి కారణం ఇదే.

రెండు తీగలు కలిసి మోగినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. 200 హెర్ట్జుల షడ్జమం, 300 హెర్ట్జుల పంచమం కలిసి ఫజ్‌లోకి వెళితే వాటి భేదమైన 100, మొత్తమైన 500 హెర్ట్జుల ధ్వనులు కూడా పుడతాయి. 100 హెర్ట్జులు కింది షడ్జమమే. 500 హెర్ట్జులు తారస్థాయి అంతర గాంధారం. సాధారణ గాంధారం గల ఖరహరప్రియలో అది అన్యస్వరం. ఒక తీగ మీద గమకం కదులుతుంటే ఈ అదనపు ధ్వనులు కూడా దానితోపాటు జారుతుంటాయి. కాబట్టి గమకానికి కావలసింది అత్యధిక గెయిన్ కాదు, మితమైన గెయిన్.

3. ట్రాన్సిస్టర్ల ఎంపిక:
3.1 గెయిన్, లీకేజి: తొలినాటి ఫజ్ ఫేస్‌లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడారు. పాత రేడియోల్లో కనిపించే ఏసీ 128 ఆ పనికి వస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్‌కు 70-80, రెండవదానికి 100-130 మధ్య గెయిన్ ఉండడం మేలని తయారీదారుల అనుభవం. ఒకే నంబరు గల రెండు ట్రాన్సిస్టర్ల మధ్య కూడా గెయిన్ చాలా తేడాగా ఉంటుంది కనుక ప్రతిదానినీ కొలవాలి.

జర్మేనియంలో బేస్‌కు ఏమీ కలపకపోయినా కొంత కరెంటు కారుతుంది. మామూలు మల్టీమీటర్ ఈ లీకేజిని కూడా గెయిన్‌గా లెక్కిస్తుంది. దీనికి సులభమైన పరిష్కారం ఉంది. ఏసీ 128 పీఎన్‌పీ రకం కాబట్టి ఎమిటర్‌ను 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువానికి కలపాలి. కలెక్టర్‌ను 2.47 కిలో ఓముల (2.2 కిలో, 270 ఓములు వరుసగా) నిరోధం ద్వారా రుణధ్రువానికి కలపాలి. ఆ నిరోధం మీది వోల్టేజి లీకేజిని చూపుతుంది. తరువాత బేస్‌ను 2.2 మెగా ఓముల ద్వారా రుణధ్రువానికి కలిపి మళ్లీ కొలవాలి. మొదటిసారి 0.25, రెండవసారి 1.05 వోల్టులు వచ్చాయనుకుందాం. భేదం 0.80. దానిని 100తో గుణిస్తే అసలు గెయిన్ 80. లీకేజిని తీసివేయకపోతే అది 105గా కనిపించేది. వేళ్ల వేడికి కూడా అంకె మారుతుంది కనుక ట్రాన్సిస్టర్ చల్లబడ్డాకే కొలవాలి.

3.2 డెల్టా వేసవి: పై ఉదాహరణలో లీకేజి కరెంటు సుమారు 0.1 మిల్లీ ఆంపియర్. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా జర్మేనియం లీకేజి సుమారు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల గదిలో కొలిచిన ఆ ట్రాన్సిస్టర్, మే నెలలో రాజమహేంద్రవరం పందిట్లో పెడల్ లోపల 45 డిగ్రీలకు చేరితే లీకేజి నాలుగింతలు, అంటే 0.4 మిల్లీ ఆంపియర్లవుతుంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఉన్న 33 కిలో ఓముల నిరోధం 9 వోల్టుల వద్ద పంపగలిగేది సుమారు 0.27 మిల్లీ ఆంపియర్లే. అక్కడ సర్క్యూట్ అదుపు తప్పుతుంది.

సిలికాన్‌లో ఈ బెడద దాదాపు లేదు. బీసీ 547లో ఏ వర్గానికి 110-220, బీ వర్గానికి 200-450, సీ వర్గానికి 420-800 గెయిన్ ఉంటుంది. గమకానికి ఏ వర్గమే తగినది. ఇది ఎన్‌పీఎన్ రకం కనుక బ్యాటరీ ధ్రువాలను, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను తిప్పి కలపాలి. సిలికాన్ నాదం కరుకుగా తోస్తే కలెక్టర్, బేస్‌ల మధ్య 100 పికో ఫారడ్ల కెపాసిటర్ కలిపి తీక్షణతను తగ్గించవచ్చు.

4. బయాస్ సవరణ:
రెండవ ట్రాన్సిస్టర్ కలెక్టర్ వద్ద బ్యాటరీలో సగం, అంటే 4.5 వోల్టులు ఉండాలి. అప్పుడు తరంగం పైకీ కిందికీ సమానంగా కదిలే చోటు దొరుకుతుంది. అక్కడి 8.2 కిలో ఓముల నిరోధం స్థానంలో 10 కిలో ఓముల ప్రీసెట్ పెట్టి, మల్టీమీటర్ చూస్తూ తిప్పాలి. బయాస్ బాగా పక్కకు జరిగితే నాదం చివర చిటపటలాడి హఠాత్తుగా తెగుతుంది. ఇది గమకానికి ప్రాణాంతకం.

5. పొటెన్షియోమీటర్లు:
చెవి శబ్దాన్ని నిష్పత్తులలో గ్రహిస్తుంది. లీనియర్ రకం వాల్యూమ్‌ను సగానికి తిప్పితే తగ్గేది 6 డెసిబెల్సే, చెవికి అది సగంగా తోచదు. అందుకే వాల్యూమ్‌కు 500 కిలో ఓముల లాగ్ రకం వాడాలి. నేటి పాట్‌ల మీద సాధారణంగా ‘ఏ’ లాగ్‌ను, ‘బీ’ లీనియర్‌ను సూచిస్తాయి. లాగ్ దొరకకపోతే 100 కిలో ఓముల లీనియర్ పాట్ తీసుకొని, దాని మధ్యకాలుకూ గ్రౌండుకూ నడుమ 12 కిలో ఓములు కలిపితే సగం తిప్పినప్పుడు 16 శాతమే వెలువడుతుంది. లాగ్ ధోరణి దాదాపు వస్తుంది.

ఫజ్ పాట్ విలువ 1 కిలో ఓము. ఇది ఎమిటర్ వద్ద ఉంటుంది. దానిని ఎటు తిప్పినా డీసీ నిరోధం మారదు, కెపాసిటర్ దాటవేసే భాగం మాత్రమే మారుతుంది. అందువల్ల బయాస్ చెదరకుండా గెయిన్ మారుతుంది. మార్పంతా తిప్పుడు చివరలోనే గుమిగూడుతుంది కనుక, రివర్స్ లాగ్ రకం దొరికితే సున్నితమైన అదుపు వస్తుంది. ఆలాపన సాగుతుండగా వాద్యం మీది వాల్యూమ్‌ను కొద్దిగా తగ్గించినా ఫజ్ పలచబడుతుంది. ఈ పెడల్ ఇన్‌పుట్ నిరోధం తక్కువ కావడమే ఇందుకు కారణం.

6. ముగింపు:
• గమకానికి ఫజ్ మితంగా ఉండాలి. గెయిన్ పెరిగినకొద్దీ రాగానికి చెందని స్వరాలు బలపడతాయి.
• జర్మేనియం వాడేవారు లీకేజిని విడిగా కొలిచి, తక్కువ ఉన్నదానిని మొదటి స్థానంలో ఉంచాలి. వేసవి కచేరీలకు సిలికాన్ నమ్మదగినది.
• బయాస్‌ను మీటరుతో నిలిపి, చివరి సవరణను చెవితో చేయాలి.

విడిభాగం మీది నంబరు ఎంపికకు ఆరంభం మాత్రమే. శ్రీనివాస్ తన వాద్యంలో తీగలనే మార్చుకున్నట్లు, పెడల్ తయారుచేసేవారు కూడా సర్క్యూట్‌ను సంగీతానికి లొంగదీసుకోవాలి.