మీకు తెలుసా? ఫుట్‌బాల్ దేశంలో సాఫ్ట్‌బాల్ కుర్రాళ్ళు

మారడోనా, మెస్సీ పుట్టిన అర్జెంటీనా పురుషుల సాఫ్ట్‌బాల్‌లో కూడా ప్రపంచ విజేతగా నిలిచిందని మీకు తెలుసా? 2019లో ప్రాగ్‌లో జరిగిన ఫైనల్లో జపాన్‌ను 3-2తో ఓడించింది. ఏడు ఇన్నింగ్స్‌లో తేలక మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్ళింది. సీనియర్లకు అదే మొదటి ప్రపంచ టైటిల్. అదే ఏడాది ఆగస్టులో లీమాలో పాన్ అమెరికన్ క్రీడల స్వర్ణం కూడా వాళ్ళకే దక్కింది.

అయితే ఆ విత్తనం ఏడేళ్ళ ముందే పడింది. 2012లో జూనియర్ పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్ అర్జెంటీనాలోని పరానా నగరంలో జరిగింది. సొంత ఊరి జనం చూస్తుండగా ఆ దేశపు కుర్రాళ్ళే కప్పు కొట్టారు. పరానా అదే పేరున్న పెద్ద నది ఒడ్డున ఉన్న ఊరు, ఎంత్రే రియోస్ రాష్ట్రానికి రాజధాని. బ్యూనస్ ఐరిస్‌లో పిల్లవాడు పుట్టగానే కాళ్ళ దగ్గర ఫుట్‌బాల్ పెడతారేమో గానీ, పరానాలో మాత్రం చేతికి గ్లవ్ తొడుగుతారు. ఆ దేశంలో ఈ ఆట ఊసెత్తితే ముందు వినబడేది ఈ ఊరి పేరే.

ఆస్ట్రేలియాదీ ఇదే దారి. 1997, 2001, 2005, 2008... వరసగా నాలుగు జూనియర్ టైటిళ్ళు వాళ్ళవే. ఆ మరుసటి ఏడాదే, 2009లో, కెనడాలోని సస్కటూన్‌లో ఆస్ట్రేలియా సీనియర్లు మొదటిసారి ప్రపంచ విజేతలయ్యారు. పన్నెండేళ్ళ పాటు కుర్రాళ్ళను పెంచుకుంటూ వచ్చిన దేశానికి ఆ కప్పు అదృష్టం కొద్దీ వచ్చిందని నేననుకోను. కానీ ఈ లెక్క అందరికీ కుదరదు. 1981లో ఎడ్మంటన్‌లో జరిగిన మొట్టమొదటి జూనియర్ పోటీని గెలిచింది జపాన్. ఆ తర్వాత నలభై ఏళ్ళు దాటినా, 2022 ప్రపంచ కప్ దాకా జపాన్ సీనియర్ పురుషులకు కిరీటం అందలేదు. ఫైనల్ దాకా వచ్చి చేజార్చుకోవడమే మిగిలింది.

మొదట్లో ఈ జూనియర్ పోటీ నాలుగేళ్ళకోసారి జరిగేది. పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళు ఆడేవారు. ఇప్పుడది పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ కప్‌గా మారింది. అంటే ఆడేది ఇంటర్ చదివే వయసు పిల్లలన్న మాట.

ఈ పోటీలు పెద్ద పెద్ద మహానగరాల్లోనే జరుగుతాయనుకుంటే పొరపాటు. కెనడా వాయవ్య మూలన, యూకాన్ ప్రాంతంలో వైట్‌హార్స్ అని ఓ ఊరుంది. జనాభా సుమారు ముప్పై వేలే. మన దగ్గర ఓ మాదిరి మండల కేంద్రం చుట్టూ అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు! ఆ ఊరు 2008లోనూ, 2014లోనూ జూనియర్ ప్రపంచ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. 2017లో సీనియర్లను కూడా పిలిచింది. జూలైలో అక్కడ రాత్రి పదకొండు దాకా సూర్యుడు దిగడు.

ఇక పిచ్చర్, అంటే బంతి విసిరేవాడి సంగతి. ఈ ఆటలో అసలు మజా అక్కడే ఉంది. రెండు చేతులూ కలిపి, బంతిని గ్లవ్‌లో దాచి ఒక్క క్షణం కదలకుండా నిలబడతాడు. ఆ తర్వాత చెయ్యి భుజం మీదుగా నిండు చక్రంలా తిరిగి కిందికొస్తుంది. ఒళ్ళంతా ముందుకు లంఘిస్తుంది. తుంటి పక్కన మణికట్టు ఒక్క విసురు విసిరితే బంతి చేతిని వదులుతుంది. పురుషుల ఆటలో రెండు కాళ్ళూ నేలను వదిలి గాల్లోకి లేచినా తప్పు కాదు. బంతి మోకాలి ఎత్తులో బయల్దేరి పైకి ఎక్కుతూ వస్తే దాన్ని రైజ్ బాల్ అంటారు. బ్యాటర్ ఛాతీ ఎత్తు బంతికని బ్యాట్ ఊపితే, అది బ్యాట్ మీదుగా వెళ్ళి క్యాచర్ గ్లవ్‌లో పడుతుంది. కింది నుంచి విసిరే బంతి మెల్లగా వస్తుందనే భ్రమ ఒక్క ఓవర్... క్షమించాలి, ఒక్క ఇన్నింగ్స్ చూస్తే వదిలిపోతుంది.

కొంచెం లెక్క చూద్దాం. పురుషుల ఆటలో పిచ్చర్ నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు దూరం 46 అడుగులు, అంటే 14.02 మీటర్లు. మేటి పిచ్చర్లు గంటకు 130 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటారు. ఆ వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి 0.4 సెకను కూడా పట్టదు. బేస్‌బాల్‌లో దూరం 18.44 మీటర్లు కాబట్టి, అక్కడ అంతే తక్కువ వ్యవధి దొరకాలంటే బంతి గంటకు 170 కిలోమీటర్ల పైన రావాలి. ఇందుకో ఉదాహరణ చూడండి. అమెరికాలో ఎడ్డీ ఫైనర్ అనే సాఫ్ట్‌బాల్ పిచ్చర్ ఉండేవాడు. తనతో కలిపి నలుగురే ఉన్న జట్టుతో ఊరూరా తిరిగి, తొమ్మిది మంది జట్లను ఓడించేవాడు. 1967లో ఓ ప్రదర్శన మ్యాచ్‌లో విల్లీ మేస్, రాబర్టో క్లెమెంటే లాంటి బేస్‌బాల్ దిగ్గజాలు ఆరుగురిని వరసబెట్టి ఔట్ చేశాడు.

నియమాల్లోనూ కొన్ని తమాషాలున్నాయి. మొదటి బేస్ దగ్గర రెండు బ్యాగులు పక్కపక్కనే ఉంటాయి. తెల్లది ఫీల్డర్‌కు, రంగుది పరిగెత్తుకొచ్చే బ్యాటర్‌కు. ఇద్దరూ ఢీకొనకుండా ఆ ఏర్పాటు. మ్యాచ్ మొదలుపెట్టిన ఆటగాణ్ణి మధ్యలో బయటికి పంపినా, ఇంకొక్కసారి తిరిగి దింపొచ్చు. స్కోర్లు సమమై అదనపు ఇన్నింగ్స్ వస్తే, ఒక రన్నర్‌ను రెండో బేస్ మీద ముందే నిలబెట్టి ఆట మొదలుపెడతారు. మ్యాచ్ తెల్లారేదాకా సాగకుండా సాఫ్ట్‌బాల్ వాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న ఈ ఏర్పాటును అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020లో అరువు తెచ్చుకుంది.

ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉంది కదా అంటారా? ఉంది, ఆడవాళ్ళకు మాత్రమే. 1996 అట్లాంటాలో మొదలై 2008 దాకా సాగింది, మళ్ళీ టోక్యోలో కనిపించింది. మగవాళ్ళకు ఒక్కసారీ చోటు దొరకలేదు. చాలా ఆటల్లో ఆడపిల్లలు తలుపు తట్టాల్సి వచ్చింది, ఇక్కడ ఆ వంతు మగపిల్లలది. అందుకే పద్దెనిమిదేళ్ళ కుర్రాడి కలలో అయిదు వలయాలుండవు, ప్రపంచ కప్పే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఆడే మన ప్రభుత్వ హైస్కూళ్ళ కుర్రాళ్ళకూ అంతే.

పోతూ పోతూ ఒకటి. 1976లో న్యూజీలాండ్‌లోని లోయర్ హట్‌లో సీనియర్ల ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి మ్యాచ్‌లు వానకు కొట్టుకుపోయాయి. ఎదురుచూసి ఎదురుచూసి నిర్వాహకులు చేతులెత్తేసి న్యూజీలాండ్, కెనడా, అమెరికా మూడింటినీ విజేతలుగా ప్రకటించారు.