టార్టాన్‌లో పసుపు గీత: నేత, దళం, వంశం

టార్టాన్ గీతలను స్కాట్లండ్ వంశాల ప్రాచీన చిహ్నాలుగా భావించడం పరిపాటి. అన్నిటి విషయంలో ఇది నిజం కాదు. ఈ నేతలో పడుగుకున్న రంగుల వరుసే సాధారణంగా పేకకూ ఉంటుంది. ఒకే రంగు పోగులు కలిసినచోట ఆ రంగు నిండుగా, వేర్వేరు రంగులు కలిసినచోట మిశ్రమ ఛాయగా కనిపిస్తుంది. అందుకే ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ మాత్రమే ఉన్న బ్లాక్ వాచ్ సైనిక దళపు టార్టాన్‌లో ఛాయలు ఆరు. 1793లో గోర్డన్ డ్యూక్ సమకూర్చిన దళం కోసం హంట్లీకి చెందిన విలియం ఫోర్సైత్ ఈ నమూనాకే పసుపు గీత చేర్చాడు. చేరింది ఒక్క రంగే అయినా ఛాయలు పదికి పెరిగాయి! సీఫోర్త్ దళం గుర్తులు తెలుపు, ఎరుపు గీతలు. దళాలను వేరుపరచిన ఈ గీతలే అనంతరం గోర్డన్, మెకెంజీ వంశాల టార్టాన్లుగా స్థిరపడ్డాయి. వంశానికొక టార్టాన్ అన్న భావన విస్తృత ప్రచారం పొందింది 1822లో నాల్గవ జార్జి ఎడిన్‌బరో పర్యటనతోనే.