గొర్రెకు చెవి పోగు ఊడితే బీమా దక్కదు

“నా మందలో ఏ గొర్రె ఏదో నాకు తెలవదా? దానికి బిళ్ల ఎందుకు?” అని కాపరులు అడుగుతుంటారు. నిజమే. కుంటిదాని బిడ్డ, నల్ల మూతిది అంటూ మసక చీకట్లోనూ పోల్చుకోగల వారికి గుర్తు పెట్టుకోమని చెప్పనక్కర లేదు. కానీ ఆ పోగు మీ కోసం కాదు. చిటుక రోగంతో రాత్రికి రాత్రి గొర్రె చచ్చిపోతే, దాన్ని ఏనాడూ చూడని బీమా మనిషి కోసం. పాలసీలో రాసిన గొర్రె ఇదేనని చెప్పేది దాని చెవి నంబరే.

చెవి కోయడం, వీపున రంగు పూయడం తాతల నాటి నుంచి ఉన్నవే. రంగు వానలకు పోతుంది. చెవి కోత మంద ఎవరిదో చెబుతుంది గాని, ఏ గొర్రో చెప్పదు.

కేంద్రం 2019లో చేపట్టిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద వేసే పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఒక నంబరు ఒక్క జీవానికే. అది మీ పేరు మీద కంప్యూటర్లో నమోదవుతుంది. అయినా పోగు వేసేటప్పుడు మీరు దగ్గరుండి నంబరు చదివి నోటుబుక్కులో రాసుకోండి. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒకే నంబరును ఒకటికి మించి గొర్రెలకు చూపినట్లు కాగ్ తనిఖీలో బయటపడింది.

పోగు ఎక్కడ వేయాలన్నదే అసలు సంగతి. నెల్లూరు జాతి గొర్రెలకు చెవులు పొడవు, కిందికి వేలాడుతుంటాయి. చెవి కొసన వేస్తే సర్కారు తుమ్మ కంపకు తగులుకుని చెవి చీలుతుంది, పోగు పోతుంది. కొసకు దూరంగా, తల వైపు సగంలో, రెండు నరాల మధ్య చోటు చూసుకోవాలి. నరం మీద పడితే రక్తం ఆగదు. సూది ఉన్న ముక్క చెవి వెనక నుంచి, బెజ్జం ఉన్న ముక్క లోపలి వైపు ఉండాలి. ఒక్క నొక్కులో పట్టకారు బిగించాలి. భయపడి సగం నొక్కి వదిలితేనే గాయం పెద్దదవుతుంది. పిల్లలకు వేస్తే చెవి పెరిగేందుకు సందు ఉంచాలి.

పట్టకారును స్పిరిట్‌తో తుడవాలి, బెజ్జానికి టించర్ అయోడిన్ రాయాలి. ఈగలు ముసిరే వానాకాలం వద్దు, చల్లటి పొద్దున పూట మేలు. పది రోజుల పాటు చెవి చూస్తుండాలి. వాపు, చీము, పురుగు కనిపిస్తే పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఇక బీమా. 10 గొర్రెలను ఒక పశువు కింద లెక్కిస్తారు. జాతీయ పశుసంపద మిషన్ కింద రైతు కట్టవలసిన ప్రీమియం వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. ఇంత తక్కువకు వస్తున్నా చాలామంది పరిహారం పోగొట్టుకునేది ఊడిన పోగు దగ్గరే. పోగు కనిపించని రోజే పశువైద్యాధికారికి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి కొత్తది వేయించుకుని, కొత్త నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. గొర్రె చచ్చాక చెబితే వినే నాథుడుండడు. చచ్చిన గొర్రెను పూడ్చేయకండి, డాక్టరు చూసేదాకా చెవి పోగు తీయకండి. పోగు కనబడేలా ఫోటో తీసుకోండి.

నోటుబుక్కులో నంబరు పక్కన ఈనిన తేదీ, తండ్రి పొట్టేలు నంబరు, టీకాలు రాయండి. ఏ పిల్ల ఏ పొట్టేలు బిడ్డో తెలిస్తే, అవి ఎదకు వచ్చేలోగా ఆ పొట్టేలును మార్చేయవచ్చు. లేకుంటే తండ్రే బిడ్డల్ని కట్టి, పుట్టే పిల్లలు నీరసిస్తాయి.

సంతలో అమ్మినా పోగు కోసేయవద్దు. కొన్నవారి పేరు మీదికి మార్పించమని పశువైద్యశాలలో చెప్పి, మీ బుక్కులో ఆ నంబరు ఎదురుగా అమ్మిన తేదీ వేసుకోండి.